పెద్దమ్మ కట్టిన కెర్నల్

ఆసిఫాబాద్,
పత్తి మిల్లు కాంటా గది నుంచి

గౌరవనీయురాలైన పెద్దమ్మకు, నీ చెల్లెలి కొడుకు వెస్లీ వందనాలు.

ముందుగా క్షమించు పెద్దమ్మా. ఆదివారం నీ చేతి కూర తిని, చెయ్యి తడి ఆరకముందే బస్సెక్కాల్సి వచ్చింది. పత్తి బండ్లు మిల్లు గేటు నుంచి పెద్ద రోడ్డుదాకా నిలబడ్డాయట. కాంటా దగ్గర కంప్యూటర్ ముందు కూర్చునేవాడు లేడని మా సేటు ఒకటే ఫోన్లు. పత్తి సీజన్ అయ్యేదాకా నాకు సెలవు అన్న మాట నోట రాకూడదు.

నీకు ఫోన్లో చెప్తే వినపడదు. వినపడ్డట్టు ‘ఆఁ, ఆఁ’ అంటావు. అందుకని నీ ఆజ్ఞ ప్రకారం కాగితం మీదే రాస్తున్నాను. కరీంనగర్ బస్సు కండక్టర్ అనసూర్యక్క ఈ ఉత్తరాన్ని మీ బస్టాండ్‌లో చాయ్ కొట్టు గంగయ్యకు ఇస్తుంది.

ఇక అసలు సంగతి. మీ ముందరి గదిలో ఉన్న చర్చి కంప్యూటర్ ముసలిది. ఇప్పటి ప్రోగ్రాముల బరువు మోయలేక మధ్యలో కూలబడుతుంది. అందుకే దానికి సరిపడే కెర్నల్ మనమే తయారు చేసుకుంటున్నాం. కెర్నల్ అంటే కంప్యూటర్‌కు ఇంటి ఇల్లాలు అనుకో. తెరకైనా స్పీకరుకైనా ఏం కావాలన్నా ఆమెనే అడగాలి. అందరికీ దొరికే కెర్నల్ లోకంలోని యంత్రాలన్నిటికీ చాకిరీ చేసేట్టు ఉంటుంది. అవన్నీ మనకెందుకు? దాని మూలం రాతలు తెచ్చాను. మనకు కావలసినవే ఉంచి మళ్లీ కడితే సన్నగా, చురుగ్గా ఉంటుంది. అట్లా కట్టడాన్ని కంపైల్ చేయడం అంటారు.

కట్టే ముందు అది తెర మీద ప్రశ్నలు అడుగుతుంది. ఫలానా పరికరం ఉందా, ఫలానా వసతి కావాలా అని. ఉంటే వై కొట్టు, లేకుంటే ఎన్ కొట్టు. మనకు తప్పనిసరి అయినవన్నీ నేను ముందే పెట్టి వచ్చాను కాబట్టి, తెలియనిదానికల్లా ఎన్ కొడితే చాలు. ప్రశ్నలు అయిపోయాక, గోడకు అంటించిన చీటీలో ఉన్న మాటలు టైపు చెయ్యి. మిగతాది అదే చూసుకుంటుంది.

కోత పండుగ నాటికి పాటలు చర్చి గోడ మీద అరచేయంత అక్షరాలతో పడాలి. గోడ మీద బొమ్మ వేసే యంత్రాన్ని చర్చివాళ్లు కిరాయికి తెస్తారు. పోయినేడు పెద్దబాపు కోత పాట మూడో చరణంలో, సమాధి దగ్గర పాడే భూస్థాపన పాట అందుకోవడం, కార్యదర్శి జేమ్స్ ‘ఆపండి, ఆపండి’ అనడం, హార్మోనియం ఆగిపోవడం నా కళ్ల ముందే ఉన్నాయి. అప్పటినుంచి ఆయన వెనక బెంచీలో కూర్చుని పెదవి కదపడం లేదు. చూపు ఆనడం లేదని చెప్పడానికి ఆయనకు నామోషీ. గోడ మీద అక్షరాలు పడితే ముందుకొచ్చి పాడతానని నీకు మాటిచ్చాడు కదా. ఆ మాట కోసమే ఈ తిప్పలన్నీ.

నీ విధేయుడు,
వెస్లీ

తా.క.: జర కంప్యూటర్ మీద టేబుల్ గుడ్డ కప్పకు. దానికి ఊపిరాడదు.



సుల్తానాబాద్

చిరంజీవి వెస్లీకి, పెద్దమ్మ మగ్దలేనమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ పెద్దబాపు, కోడిపెట్ట క్షేమం. కంప్యూటర్ కూడా క్షేమమే, మాట్లాడటం మాత్రం ఆపడం లేదు. నేను మిషన్ స్కూల్లో పిల్లల్ని ప్రశ్నలడిగి జీతం తీసుకున్నదాన్ని. నన్ను ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్లు ఇంతవరకు పుట్టలేదు. పొద్దున ప్రార్థన కాగానే కూర్చుంటే పొయ్యి ముట్టించే వేళ దాకా అడుగుతూనే ఉంది.

అయినా ఓపికగా జవాబు చెప్తున్నాను. టేపు తిప్పే యంత్రం ఉందా అంది. నేను ఆలోచిస్తుంటే మీ పెద్దబాపు పక్క కుర్చీలోంచి, “అటక మీద టేపురికార్డర్ ఉన్నది గదా, ఉన్నదని కొట్టు” అన్నాడు. వై కొట్టాను. సరదాకు రేడియో నడిపేవాళ్లున్నారా అంది. గంగయ్య చాయ్ కొట్టులో రేడియో పొద్దంతా మోగుతూనే ఉంటుంది, అది సరదాకు కాక మరి దేనికి? వై. తుర్కీ అక్షరాలు కావాలా, చీనా అక్షరాలు కావాలా, థాయి అక్షరాలు కావాలా అని వరసగా అడిగింది. అక్షరాలు వద్దని ఒక టీచర్ నోటితో అనిపించాలని చూస్తోంది. అన్నిటికీ వై. ఇంకొకటి పాపం, ఏదో పాతకాలపు తీగల పద్ధతట, దాన్ని వాడేవాళ్లు ఇప్పుడు దాదాపు ఎవరూ లేరని కింద రాసి ఉంది. ఎవరూ లేనిదాన్ని మనం కూడా వద్దంటే అది ఎటు పోతుంది? వై.

తెలియకపోతే ఎన్ కొట్టమన్నావు. నాయనా, గడప ముందు నిలబడి ‘అమ్మా, ఉందా’ అన్నవాళ్లను లేదని పంపే ఇల్లు కాదు మనది. మా అత్తగారు బాప్తిస్మం తీసుకున్నాక పాత ఆచారాలన్నీ వదిలింది కానీ ఈ ఒక్కటి వదలలేదు. డబ్బాలో బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అనాలి తప్ప ‘లేవు’ అనకూడదు. దీపాలు పెట్టే వేళ అసలే అనకూడదు. ఆమె ఇంట్లో కూర్చుని నేను ‘లేదు, లేదు’ అని మీట నొక్కుతూ ఉండాలా?

నువ్వు ఫికర్ చేయకు.

దీవెనలతో,
పెద్దమ్మ

తా.క.: నీ ఉత్తరంలో తప్పులు ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపుతున్నాను. ‘జర’ కింద గీత గీయలేదు. అది తప్పు కాదు, మన మాట.



ఆసిఫాబాద్

పెద్దమ్మకు వెస్లీ సాష్టాంగపడి రాసేది.

నీకు దండం పెడతాను, ఆపెయ్యి. నువ్వు వై కొట్టిన ప్రతిదానికీ కెర్నల్‌లో ఒక చోటు కేటాయించాలి. ఒంటిగది ఇంటికి ఊరందరినీ భోజనానికి పిలిచినట్టు అవుతుంది. ఆ ముసలి యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి ఎంత, దాని బతుకెంత? సన్నగా ఉండాలనే కదా ఈ పని మొదలుపెట్టింది? గంగయ్య రేడియోకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. అటక మీది టేపురికార్డర్‌కు అసలే లేదు.

ఇది నా సొంత తెలివి కాదు. ఒక్కొక్క ప్రశ్న కింద దాన్ని తయారు చేసినవాళ్లే రాసిపెట్టారు, సందేహముంటే ఎన్ అనండి అని. వాళ్ల మాటైనా విను. ఎక్కడిదాకా వచ్చావో అక్కడే ఆగు. ఇక ముందు ఏది అడిగినా ఎన్. కోపంగా కాకపోతే నవ్వుతూ అయినా ఎన్.

నీ కాళ్లు మొక్కుతూ,
వెస్లీ

తా.క.: పెద్దబాపును ఆ పక్క కుర్చీలోంచి లేపు.



సుల్తానాబాద్

చిరంజీవి వెస్లీకి దీవెనలు.

నీ ఉత్తరం అందింది. నా పద్ధతి నీకు తెలుసు, ముందు తప్పులు దిద్దుతాను, తర్వాతే విషయం చదువుతాను. దిద్దేలోగా వెలుగు తగ్గిందని పక్కన పెట్టాను. విషయం చదివేసరికి ప్రశ్నలు అయిపోయి, చీటీలో మాటలు టైపు చేయడం కూడా అయిపోయింది. ఇప్పుడు కట్టడం నడుస్తోంది.

సందేహముంటే ఎన్ అనమని రాసి ఉందన్న మాట నిజమే, నేనూ చూశాను. నాకు ఒక్కదానికీ సందేహం కలగలేదు.

అబద్ధం ఎందుకు, ఒకే ఒక్క ప్రశ్నకు ఎన్ కొట్టాను. అది మీ పెద్దబాపు స్నానానికి వెళ్లినప్పుడు వచ్చింది. అదేమిటని అడగకు, మా ఆలుమగల సంగతి.

తెర మీద రాతలు వాగు పారినట్టు పైకి పోతూనే ఉన్నాయి. మధ్య మధ్య ‘హెచ్చరిక’ అని వస్తుంది. వచ్చినప్పుడల్లా మీ పెద్దబాపు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేస్తాడు, అది మళ్లీ సాగుతుంది. నిన్న కరెంటు పోయింది. వచ్చాక చీటీ చూసి అవే మాటలు మళ్లీ కొడితే, వదిలిన చోటే పట్టుకుంది. నా తరగతిలో ఇంత బుద్ధిమంతులు తక్కువ. ఆ పెట్టె వెనక నుంచి వేడిగాలి బాగా వస్తోంది. సగ్గుబియ్యం వడియాలు పళ్లెంలో పోసి అక్కడ పెట్టాను, చక్కగా ఎండాయి.

జేమ్స్ వచ్చి చూసి పోయాడు. ఈ డబ్బా పండుగ నాటికి లేవదని నవ్వాడు. కరీంనగర్ నుంచి గోడ మీద బొమ్మ వేసే యంత్రంతో పాటు సొంత కంప్యూటర్ ఉన్న మనిషినే కిరాయికి పిలిపిస్తాడట. అంతవరకు బాగానే ఉంది. పోతూ పోతూ, “యెషయన్నకు వెనక బెంచే మంచిగుంటది” అన్నాడు. మీ పెద్దబాపు విన్నాడు. అప్పటినుంచి మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని, పండుగకు రానని అంటున్నాడు. ఆ మోకాళ్లతోనే గంగయ్య కొట్టుదాకా రోజూ నడిచి పోతున్నాడు. నాకు ఏడుపు వచ్చింది వెస్లీ. పెళ్లిచూపులనాడు నేను ఆ మనిషి గొంతు విని ఒప్పుకున్నాను, మొహం తర్వాత చూశాను.

దీవెనలతో,
పెద్దమ్మ

తా.క.: వడియాలు అనసూర్య చేతికి ఇస్తున్నాను. కెర్నల్ వాసన ఏమీ రావడం లేదు, తిను.



ఆసిఫాబాద్

ప్రియమైన పెద్దమ్మకు,

వడియాలు మా కాంటా గదిలో అందరం తిన్నాం. సేటు కూడా అడిగి పెట్టించుకున్నాడు. నా కడుపు నిండింది కానీ మనసు కుదుటపడలేదు. ఆ కట్టడం పూర్తయినా యంత్రం దాన్ని మోయలేదు. పెద్దబాపును పండుగనాడు గోడ ముందు నిలబెట్టి, గోడ ఖాళీగా ఉంటే ఆయన ఇక జన్మలో నోరు తెరవడు. నాకు అదే పరేషాన్.

అందుకని డ్యూటీ అయ్యాక నేనే ఇక్కడ మిల్లు కంప్యూటర్ మీద ఒక సన్న కెర్నల్ కట్టాను. దాన్ని బొటనవేలంత పెన్‌డ్రైవ్‌లో వేసి పంపుతున్నాను. బస్సు కుదుపులకు దెబ్బ తగలకుండా పత్తి సంచి నడుమ పెట్టాను. ఈ ఉత్తరం తప్పులు తర్వాత దిద్దు, ముందు విషయం చదువు. సంచి విప్పు, పెన్‌డ్రైవ్ తియ్యి, కంప్యూటర్‌కు గుచ్చు. మిగతాది లోపలి చీటీలో రాశాను.

నీ వెస్లీ

తా.క.: ఆ ఒక్క ఎన్ దేనికి కొట్టావు? నాకు నిద్ర పట్టడం లేదు.



సుల్తానాబాద్

చిరంజీవి వెస్లీకి దీవెనలు.

పత్తి అందింది నాయనా. ఎంత తెల్లగా ఉందో. కోత పండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు కదా, మనకు పొలం లేక నేను ఏటా ఒక గుమ్మడికాయ కొని పెడుతున్నాను. ఈసారి నీ కష్టం మీద వచ్చిన పత్తి పెట్టే భాగ్యం కలిగింది. సంచి అందగానే చర్చికి పంపించాను. ఆరాధన తర్వాత వేలం వేస్తారు.

కెర్నల్ కట్టడం పూర్తయింది. చీటీలో చెప్పినట్టు ఆపి, మళ్లీ వెలిగించాను. లేవడానికి చాలా సేపు తీసుకుంది. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అన్నం వార్చి వచ్చేసరికి తెర వచ్చింది. ఈ వయసులో లేవడానికి నాకూ అంతే సేపు పడుతుంది, దాన్ని ఏమీ అనలేదు. పాటలన్నీ అందులో ఎక్కించాను. నేను చదువుతూ టైపు చేస్తుంటే మీ పెద్దబాపు వినపడనట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఒకచోట నేను పదం తప్పు చదివితే గోడ వైపు నుంచే దిద్దాడు.

దీవెనలతో,
పెద్దమ్మ

తా.క.: తప్పులు దిద్దడం అయ్యాక ఇప్పుడే నీ ఉత్తరంలో విషయం చదివాను. పత్తిలో ఏదో ఉందన్నావా? చర్చికి పోయి చూశాను. జేమ్స్ అన్నీ కుప్ప పోసి, గదికి తాళం వేసి, తాళంచెవితో కరీంనగర్ పోయాడట. ప్రభువు చిత్తం.



ఆసిఫాబాద్

పెద్దమ్మకు,

ఇక నేను చేయగలిగింది ఏమీ లేదు. సెలవు అడిగాను, ఇవ్వలేదు. రేపు తెల్లవారితే పండుగ. జేమ్స్ అన్న పిలిపించే మనిషి వస్తాడు కాబట్టి గోడ మీద అక్షరాలు ఎట్లాగూ పడతాయి. మన కంప్యూటర్‌ను మాత్రం చర్చికి తీసుకుపోకు. నలుగురిలో అది కూలబడితే మాట పడేది నువ్వు కాదు, పెద్దబాపు.

నేనే అక్కడ ఉండి ఉంటే ఇట్లా అయ్యేది కాదు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని ఆయన కోత పాట పాడుతుంటే ఆ గొంతు నా కాళ్లలో మోగేది. ఆయనను ఎట్లాగైనా ఒప్పించి పట్టుకుపో.

నీ వెస్లీ

తా.క.: ఏమీ లేదు. మనసు బాగాలేదు.



సుల్తానాబాద్

చిరంజీవి వెస్లీకి, పండుగ అలసట ఇంకా తీరని పెద్దమ్మ దీవెనలు.

తీరికగా కూర్చుని చదువు. కంప్యూటర్‌ను చర్చికి తీసుకుపోవద్దన్నావు. ఆ మాట మీ పెద్దబాపుకు చదివి వినిపించాను. ఆయన లేచి చొక్కా వేసుకుంటూ, “ఇన్ని రోజులు నా కోసం గంత చాకిరీ చేసింది, దాన్ని ఇంట్ల ఒంటరిగ ఇడిచిపెట్టి పోతమా?” అన్నాడు. ఆటోలో మా ఇద్దరి నడుమ దాన్ని కూర్చోబెట్టుకుని పోయాం.

ఆరాధన వేళయినా కరీంనగర్ మనిషి రాలేదు. పెళ్లిళ్ల సీజన్ కదా, దారిలో ఇంకెవరో ఎక్కువ ఇస్తామని పట్టుకుపోయారట. జేమ్స్ మొహంలో నెత్తురు లేదు. పండుగ చూడటానికి వచ్చిన ప్రేమ్‌సాగర్‌రావు గారు, అదే మన చర్చి ఎదురింటి రైస్‌మిల్లు ఆయన, తన గోదాములో ఒక పాత ప్రొజెక్టర్ మూలుగుతోందని మనిషిని పంపి తెప్పించాడు. దుమ్ము దులిపితే వెలిగింది. దాని తీగను కంప్యూటర్‌కు తగిలించే ముక్క మాత్రం ఎవరూ ఎన్నడూ చూడనిది. జేమ్స్ తన కొత్త లాప్‌టాప్‌కు గుచ్చితే, ఇదేమిటో నాకు తెలియదు అని తెర మీద రాసి ఊరుకుంది. రెండో లాప్‌టాప్ కూడా అంతే అంది.

నేను మన ముసలిదానికి గుచ్చాను. అది కొంచెం ఆలోచించింది. తర్వాత గోడ మీద అరచేయంత అక్షరాలు పడ్డాయి వెస్లీ. ఆ ముక్క పేరు నేను ప్రశ్నల్లో చూశాను. ఇది మీ దగ్గర ఉండే అవకాశం చాలా తక్కువ అని కూడా దాని కింద రాసి ఉంది.

మీ పెద్దబాపు వెనక బెంచీ నుంచి లేచి ముందుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నేను చెయ్యి కూడా పట్టలేదు. మొదటి చరణం పాడాడు, రెండోది పాడాడు. నీ కాళ్లలో మోగిన గొంతే అది, ఏమీ తగ్గలేదు. మూడో చరణం మొదట్లో గోడ మీది అక్షరాలు ఒక్కసారి వణికాయి. పక్కన ఇంగ్లీషులో గజిబిజి రాతలు, లోపల ఏదో తప్పు జరిగిందని. హార్మోనియం తడబడింది. జేమ్స్ ‘ఆపండి’ అనడానికి చెయ్యి కూడా ఎత్తాడు. నేను మాత్రం కూర్చున్నచోట నుంచి కదలలేదు.

ఎందుకంటే నువ్వు అడిగిన ఆ ఒక్క ఎన్ ఇదే. లోపల ఎక్కడైనా ఒక తప్పు జరిగితే, ఆ క్షణమే పని మొత్తం ఆపేయమంటావా అని అది నన్ను అడిగింది. మా అత్తగారిని తలుచుకున్నాను, క్షమించమన్నాను, ఎన్ కొట్టాను. ఒక చరణం తప్పితే మనిషి పాటంతా ఆపేసుకోవడం పోయినేటి నుంచి రోజూ నా ఇంట్లో చూస్తున్నాను కదా.

ఆ గజిబిజి రాతలు ఒక పక్కన అట్లాగే ఉన్నాయి. మూడో చరణం మాత్రం వాటి పక్కనుంచి తన దారిన తాను వచ్చి నిలబడింది. మీ పెద్దబాపు దాన్ని ఒక క్షణం చూసి అందుకున్నాడు. చివరి చరణంలో ఆయన రెండు పాదాలు ముందుది వెనక, వెనకది ముందు పాడాడు. ఆగలేదు. సంఘం కూడా ఆయన వెంటే అట్లాగే పాడింది. గోడ మీద ఒకటి, మా నోట్లో ఒకటి. జేమ్స్ కూడా ఆయన పాడినట్టే పాడాడు, పైగా కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని, “మగ్దలేనా, గా కంప్యూటర్ తప్పినా ఆగలే. నేనెందుకు ఆగాలె?” అన్నాడు. నేను ఇంకొక ముద్ద వడ్డించాను. వద్దనలేదు.

దీవెనలతో,
మీ పెద్దమ్మ

తా.క.: నీ పత్తిని వేలంలో ప్రేమ్‌సాగర్‌రావు గారు దీపాల వత్తులకని కొన్నాడు. వాళ్ల ఆవిడ జానకీబాయి వత్తులు చేస్తుంటే అందులో నీ పెన్‌డ్రైవ్ దొరికిందట. తెచ్చి ఇచ్చి, ఇది మీకు కావాలా అని అడిగింది. నిండుకుందమ్మా అన్నాను.

ఇంకొక మాట. నీ చివరి ఉత్తరం తిప్పి పంపడం లేదు, దాచుకున్నాను. అందులో తప్పులు చాలానే ఉన్నాయి, ఒక్కటీ దిద్దలేదు. ఆగకుండా రాస్తూ ఉండు.